తుపాకీ ఎక్కడుందో పోలీసు బండికి తెలుసు

2025లో మహబూబ్‌నగర్ యువకుడొకడు కాలిఫోర్నియాలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడన్న వార్త వచ్చినప్పుడు పాలమూరులో రెండు రకాల మాటలు వినిపించాయి. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల మధ్య గొడవ జరిగింది, కత్తిపోటు అని 911కు ఫోన్ వెళ్లింది, పోలీసులు వచ్చారు, చేతిలో కత్తి ఉందంటూ కాల్చారు. ఇది పోలీసులు చెప్పిన కథనం. కుటుంబం మాత్రం పూర్తి విచారణ జరపాలని అడిగింది. "కత్తి పట్టుకున్నోణ్ని తుపాకీతో కాల్చుడేంది? మన దగ్గరైతే నలుగురు కానిస్టేబుళ్లు లాఠీలతో చుట్టుముట్టి పట్టుకునేటోళ్లు" అన్నారు కొందరు. "అక్కడ ఎవరి దగ్గర చూసినా తుపాకులే, పోలీసు భయపడక ఏం చేస్తడు" అన్నారు ఇంకొందరు.

రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలియాలంటే తుపాకుల లెక్క ఒక్కటే చూస్తే చాలదు. ఆ తుపాకులు ఎవరి దగ్గరున్నాయి, పోలీసులు ఏ బండిలో వస్తారు, బండిలో ఏం పెట్టుకుని వస్తారు, వాళ్లకు ఏం నేర్పారు, కాల్చాక ఎవరికి జవాబు చెప్పాలి అన్నవన్నీ కలిపి చూడాలి.

ముందు కత్తి సంగతి. 1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ ఒక వ్యాసం రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని దాదాపు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని, అంతలోపు పోలీసు నడుముకున్న పిస్టల్ తీసి గురి చూసి కాల్చడం చాలా కష్టమని అందులో చెప్పాడు. దూరం విషయంలో జాగ్రత్తగా ఉండమని చెప్పిన మాట అది. పోను పోను శిక్షణ కేంద్రాల్లో "21 అడుగుల లోపలికొస్తే కాల్చొచ్చు" అన్న అలవాటుగా మారిపోయింది. దీనికి 1989లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాహం వర్సెస్ కానర్ కేసులో ఇచ్చిన తీర్పు తోడైంది. పోలీసు బలప్రయోగాన్ని ఆ క్షణంలో అక్కడున్న వివేకవంతుడైన పోలీసుకు పరిస్థితి ఎలా కనిపించి ఉంటుందో చూసి తేల్చాలని, తర్వాత తీరిగ్గా కూర్చుని లెక్కగట్టకూడదని ఆ తీర్పు చెప్పింది. అంటే అక్కడ కాల్చిన పోలీసుకు ప్రాణభయం కలగడం సహజమే అనిపించిందంటే చట్టం చాలావరకు అతని పక్షానే నిలబడుతుంది.

ఇదే కత్తి లండన్‌లో ఎదురైతే, మొదట వచ్చే పోలీసు చేతిలో తుపాకీ ఉండదు. లాఠీ, కళ్లల్లో మంట పుట్టించే స్ప్రే, కొందరి దగ్గర కరెంటు షాకిచ్చే టేజర్ ఉంటాయి. తుపాకీ లేనివాడు వెనక్కి జరగడం, మాటల్లో పెట్టడం, డాలు అడ్డం పెట్టడం, ఇంకా నలుగురు వచ్చేదాకా ఆగడం తప్పనిసరిగా నేర్చుకుంటాడు. చేతిలో పిస్టల్ ఉంటే ఆ ఓపిక తక్కువ. దీన్ని మనిషి మంచితనం, చెడ్డతనం కింద చూస్తే ఏమీ అర్థం కాదు.

చదువు కూడా ఒక కారణమే. అమెరికాలో పోలీసు అకాడమీ శిక్షణ సగటున 800 గంటల చిల్లర, అంటే ఐదారు నెలల లోపే. నార్వేలో పోలీసు కావాలంటే మూడేళ్ల డిగ్రీ చదవాలి. జర్మనీలో రెండున్నర నుంచి మూడేళ్లు పడుతుంది. మన తెలంగాణలో కానిస్టేబుల్‌కు తొమ్మిది నెలలు, ఎస్సైకి ఏడాది. పైగా అమెరికాలో పోలీసు శాఖ అని ఒకటి లేదు. ఊరికొకటి, కౌంటీకొకటి, యూనివర్సిటీకొకటి చొప్పున దాదాపు 18,000 పోలీసు సంస్థలున్నాయి. ఒకచోట కఠినంగా ఉన్న నియమం పక్క ఊళ్లో ఉండకపోవచ్చు. "అమెరికా పోలీసు ఇట్లుంటరు" అని ఎవరన్నా గట్టిగా చెబితే ఏ ఊరి పోలీసు అని అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు తుపాకుల లెక్క. 2017 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం అమెరికాలో సామాన్యుల చేతుల్లో ఉన్న తుపాకులు 39 కోట్ల పైన. నూరు మందికి 120, మనుషుల కన్నా తుపాకులే ఎక్కువ. మన దేశంలో 7 కోట్ల చిల్లర, నూరు మందికి ఐదు. అందులో లైసెన్సు ఉన్నవి కోటి కూడా లేవు, మిగతావన్నీ దొంగ తుపాకులు, నాటు తుపాకులే. జపాన్‌లో నూరు మందికి ఒకటి కూడా లేదు. 2023లో అమెరికాలో తుపాకీ వల్ల పోయిన ప్రాణాలు 46,700కు పైనే. అందులో 27,300 ఆత్మహత్యలు. ఇది మన టీవీ చర్చల్లో ఎప్పుడూ వినపడదు. హత్యలు దాదాపు 18,000. పోలీసుల కాల్పుల్లో చనిపోయేవాళ్లు ఏటా వెయ్యి పైచిలుకు. ఇంగ్లండ్, వేల్స్‌లో అదే లెక్క ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేంత.

ఇంతవరకు చదివితే తుపాకులు ఎక్కువైతే చావులు ఎక్కువ అని సూత్రం కట్టేయొచ్చు. కానీ ఐస్‌లాండ్ ఆ సూత్రాన్ని చెడగొడుతుంది. అక్కడ నూరు మందికి 30కి పైగా తుపాకులున్నాయి. అయినా అక్కడి పోలీసుల చేతిలో ఒక మనిషి కాల్పులకు చనిపోవడం దేశ చరిత్రలో మొదటిసారి జరిగింది 2013లో. అప్పుడు పోలీసు శాఖ ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పింది. స్విట్జర్లాండ్‌లోనూ నూరుకు 27 దాకా ఉన్నాయి. తేడా ఎక్కడుందంటే, అక్కడి తుపాకీ వేటగాడి ఇంట్లో బీరువాలోనో, సైనిక సేవ చేసినవాడి అటకమీదో ఉంటుంది. ప్యాంటు జేబులో, కారు డ్యాష్‌బోర్డులో ఉండదు. అమెరికాలో చిన్న పిస్టల్ మనిషి వెంట తిరుగుతుంది. పోలీసుకు కావాల్సిన సమాచారం ఊళ్లో ఎన్ని తుపాకులున్నాయన్నది కాదు, ఇప్పుడు తాను ఆపిన కారులో ఒకటి ఉందా అన్నది.

అందుకే అమెరికా పోలీసు కారు అలా ఉంటుంది. ఎన్నో ఏళ్లు అది ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా. 2011లో దాని తయారీ ఆగిపోయాక ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌ను పోలీసు అవసరాలకు మార్చి చేసిన బండి, డాడ్జ్ చార్జర్, షెవర్లే టాహో రోడ్లెక్కాయి. ముందు బంపరుకు ఇనుప గార్డు, డ్రైవరు పక్కన చీకట్లో కారు లోపలికి వెలుగు కొట్టే స్పాట్‌లైటు, మధ్యలో ల్యాప్‌టాప్, దాని పక్కనో వెనకో తాళమేసిన రైఫిల్ స్టాండు. వెనక సీటుకూ ముందుకూ మధ్య జాలీ గోడ ఉంటుంది. వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. చాలాచోట్ల ఆ కారులో ఉండేది ఒక్కడే పోలీసు. తోడు రావాలంటే వైర్‌లెస్‌లో పిలవాలి, వచ్చేవాడు పది మైళ్ల దూరంలో ఉండొచ్చు. మన దగ్గర ఎస్సై బండిలో డ్రైవరు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక హోంగార్డు ఉంటారు కాబట్టి ఈ ఒంటరితనం మనకు తట్టదు.

ఒంటరిగా ఉన్న పోలీసు ఒక కారు ఆపాడనుకోండి. తన బండిని వెనక కొంచెం పక్కకు జరిపి ఆపుతాడు, అవతలి బండి తగిలితే తనకు అడ్డుగా ఉండేలా. నడిచి వచ్చి డ్రైవరు కిటికీకి కాస్త వెనకగా నిలబడతాడు, లోపలివాడు కాల్చాలంటే మెడ వెనక్కి తిప్పాల్సి వచ్చేలా. వెనక డిక్కీ మీద చెయ్యి పెడతాడు. ఇక్కడే మనవాళ్లు ఇరుక్కుంటారు. నార్కట్‌పల్లి దగ్గరో, జడ్చర్ల దగ్గరో పోలీసు ఆపితే మనం ఏం చేస్తాం? బండి పక్కకు పెట్టి, దిగి, ఆర్సీ, లైసెన్సు పట్టుకుని "సార్, సార్" అంటూ ఎస్సై దగ్గరికి నడిచి వెళ్తాం. అది మర్యాద. బండిలోనే కూర్చుంటే "దిగవేం రా, ఎవడనుకుంటున్నవ్" అంటారు. అదే మర్యాదను టెక్సాస్‌లో చూపిస్తే, డోరు తీసుకుని తనవైపు నడిచి వస్తున్న మనిషి అక్కడి పోలీసుకు దాడికి వస్తున్నవాడిలా కనిపిస్తాడు. కాగితాల కోసం గబుక్కున డ్యాష్‌బోర్డులోకి చెయ్యి పెట్టినా అంతే. అక్కడ కారులోనే కూర్చోవాలి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనపడేలా పెట్టాలి, రాత్రయితే లోపలి లైటు వేయాలి, కాగితాలు ఎక్కడున్నాయో చెప్పి, తీసుకోమన్నాకే తీయాలి. అమెరికాకు పిల్లల్ని పంపే నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో బ్యాగులో పచ్చళ్లు సర్దేటప్పుడు ఈ నాలుగు ముక్కలు కూడా చెప్పి పంపితే మంచిది.

పోలీసు కారులోకి రైఫిల్ ఎలా వచ్చిందన్నదానికి ఒక తేదీ ఉంది. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లో నార్త్ హాలీవుడ్ బ్యాంకును దోచుకున్న ఇద్దరు ఒళ్లంతా రక్షణ కవచాలు తొడుక్కుని, ఆటోమేటిక్ రైఫిళ్లతో బయటికొచ్చారు. పోలీసుల దగ్గరున్నవి పిస్టళ్లు, షాట్‌గన్లు. ఆ గుళ్లు కవచాలను తాకి పడిపోయాయి. చివరికి కొందరు పోలీసులు దగ్గర్లోని తుపాకుల దుకాణానికి పరిగెత్తి రైఫిళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. దొంగలిద్దరూ చనిపోయారు కానీ, ఆ దృశ్యాలు టీవీలో చూసిన ఎన్నో పోలీసు శాఖలు తమ గస్తీ కార్లలో రైఫిల్ పెట్టడం మొదలుపెట్టాయి. ఆ రోజుల్లోనే మొదలైన 1033 కార్యక్రమం కింద సైన్యం వాడి పక్కనపెట్టిన సామగ్రి స్థానిక పోలీసులకు దక్కింది. పోను పోను ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో మందుపాతరల్ని తట్టుకోడానికి చేసిన భారీ బండ్లు చిన్న చిన్న ఊళ్ల పోలీసు స్టేషన్ల ముందు నిలబడ్డాయి. 2014లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి యువకుడు చనిపోయాక అమెరికాలోని ఫెర్గూసన్ ఊళ్లో జరిగిన ఆందోళనల్లో కవచ వాహనాల మీద నుంచి జనం మీదికి గురిపెట్టిన రైఫిళ్లను ప్రపంచం చూసింది.

అంత ఇనుము ఉంటే పని జరుగుతుందా? 2022 మే 24న టెక్సాస్‌లోని ఉవాల్డే బడిలోకి ఒకడు రైఫిల్‌తో వెళ్లి 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపాడు. అక్కడికి చేరిన సాయుధ పోలీసులు 376 మంది. గదిలోకి వెళ్లి వాణ్ని కాల్చడానికి 77 నిమిషాలు పట్టింది. దానికి ఏడాది తిరగకముందే అదే రాష్ట్రంలో, 2023 మే 6న అలెన్ మాల్‌లో ఒకడు ఎనిమిది మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో మన తెలుగమ్మాయి ఉంది. వేరే పని మీద మాల్ దగ్గరున్న ఒకే ఒక్క పోలీసు చప్పుడు విని పరిగెత్తి, నిమిషాల్లో వాణ్ని కూల్చాడు. 376 మందికి లేని తెగువ ఒక్కడిలో ఎలా వచ్చిందన్న ప్రశ్నకు బండ్లలోనో, తుపాకుల్లోనో జవాబు దొరకదు.

బ్రిటన్ సంగతి వేరే దారి. 1829లో అప్పటి హోంమంత్రి రాబర్ట్ పీల్ లండన్ పోలీసును పెట్టినప్పుడే జనం సైన్యాన్ని చూసినట్టు వీళ్లను చూడకూడదని నీలం బట్టలు, చేతికర్ర ఇచ్చాడు. ఆ పద్ధతి ఇప్పటికీ నిలిచింది. ఇంగ్లండ్, వేల్స్‌లో నూటికి ఐదుగురు పోలీసులకు కూడా తుపాకీ పట్టే అనుమతి లేదు. రోడ్ల మీద తిరిగేవి మామూలు చిన్న కార్లే, ఒంటి నిండా పసుపు, నీలం గళ్లు. దూరం నుంచి, మంచులో కూడా కనపడాలని వేసిన గళ్లు అవి. భయపెట్టడం కన్నా కనపడటం ముఖ్యం అనుకున్న చోట బండికి ఆ రంగులు వస్తాయి. మరి తుపాకీ కావాల్సి వస్తే? దానికోసం 1991 నుంచి లండన్‌లో సాయుధ బృందాల బండ్లు తిరుగుతున్నాయి. ఎన్నో ఏళ్లు అవి ఎక్కువగా బీఎండబ్ల్యూ ఎక్స్5లే. అద్దం మీద, ఒంటి మీద చిన్న పసుపు చుక్క ఉంటుంది, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. లోపల తాళమేసిన పెట్టెలో తుపాకులు, ముగ్గురు బాగా శిక్షణ పొందిన మనుషులు. 2017 జూన్ 3న లండన్ బ్రిడ్జి దగ్గర కత్తులతో జనాన్ని పొడుస్తున్న ముగ్గుర్ని ఈ బృందాలు మొదటి ఫోన్ వచ్చిన ఎనిమిది నిమిషాల్లో కాల్చేశాయి. తుపాకీ ఉన్న పోలీసులు తక్కువ. ఉన్నవాళ్లు మాత్రం దాన్ని వాడటంలో ఆరితేరినవాళ్లు. దీనికి వెనక 1996లో డన్‌బ్లేన్ బడిలో 16 మంది చిన్నపిల్లలు, వాళ్ల టీచరు చనిపోయాక 1997లో చేతి తుపాకుల్ని దాదాపు పూర్తిగా నిషేధించిన చట్టం ఉంది. పోలీసు ఇప్పటికీ తుపాకీ లేకుండా తిరగ్గలగడానికి చట్టం తుపాకుల్ని తగ్గించడం కూడా తోడ్పడింది.

కానీ అదే రాజ్యంలో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌కు వెళ్లండి. అక్కడ ప్రతి పోలీసు నడుముకూ పిస్టల్ ఉంటుంది. దశాబ్దాల పాటు వీధుల్లో తిరిగింది ఉక్కు రేకులు తొడిగిన ల్యాండ్‌రోవర్లు. ఒకే పార్లమెంటు, ఒకే సింహాసనం, ఒకే భాష. తేడా అల్లా అక్కడ తుపాకీ ఐఆర్ఏ లాంటి సాయుధ సంస్థల చేతుల్లో ఉండేది, పోలీసే వాటి గురి. ఎన్ని తుపాకులున్నాయని అడిగేవాళ్లంతా లండన్‌ను, బెల్‌ఫాస్ట్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. నా మటుకు ఈ మొత్తం చిక్కుముడిలో అసలు దారం అక్కడే దొరికింది.

నార్వే, న్యూజిలాండ్‌లలో చాలాకాలంగా తుపాకీ పోలీసు బండిలో తాళమేసి ఉంటూ వచ్చింది. చాలా ఇళ్లల్లో వేట తుపాకులున్న దేశాలవి, అందుకే బండిలో తుపాకీ. అవి బయటికి రావడం అరుదు, అందుకే తాళం. 2011లో ఉటోయా ద్వీపంలో, 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జరిగిన మారణకాండల తర్వాత కూడా పోలీసులందరి నడుముకూ పిస్టల్ కట్టాలా వద్దా అని అక్కడ ఏళ్ల తరబడి వాదించుకున్నారు. క్రైస్ట్‌చర్చ్ తర్వాత న్యూజిలాండ్ సాయుధ గస్తీ బృందాల్ని కొన్ని నెలలు ప్రయోగంగా తిప్పి, జనం వద్దనడంతో 2020లో ఆపేసింది. సెమీ ఆటోమేటిక్ తుపాకుల్ని మాత్రం ఘటన జరిగిన నెలలోపే నిషేధించింది.

జపాన్ పోలీసు దగ్గర రివాల్వర్ ఉంటుంది, తాడుతో నడుముకు కట్టి. అయినా అతని అసలు ఆయుధం కోబాన్, అంటే వీధి మలుపులో ఉండే చిన్న పోలీసు గది. అలాంటివి ఆరు వేలకు పైగా ఉన్నాయి. అక్కడి నుంచి సైకిల్ మీద తిరుగుతాడు, దారి చెబుతాడు, పోగొట్టుకున్న పర్సు తీసుకుంటాడు, ఇంటింటికీ వెళ్లి పలకరిస్తాడు. అక్కడ రైఫిల్ లైసెన్సు కావాలంటే ముందు పదేళ్లు షాట్‌గన్ పెట్టుకుని ఏ తప్పూ చేయకుండా ఉండాలి. ఆ జపాన్‌లోనే 2022లో మాజీ ప్రధాని షింజో అబేను ఇంట్లో గొట్టాలతో తయారు చేసిన తుపాకీతో చంపారు. ఏ పద్ధతీ నూటికి నూరు కాదు.

దుబాయ్ పోలీసుల లంబోర్గినీ, బుగాటీ కార్ల గురించి అడిగేవాళ్లు చాలామంది. అవి పర్యాటకుల ఫొటోల కోసం, నగరం పేరు కోసం. ఇటలీ పోలీసుల దగ్గరా లంబోర్గినీ ఉంది, కానీ దాంట్లో మార్పిడికి కిడ్నీలు మోసుకెళ్తారు.

ఇక మన దగ్గరికి వద్దాం. బ్రిటిష్‌వాళ్లు 1861లో భారత పోలీసు చట్టం తెచ్చినప్పుడు లండన్ పోలీసును నమూనాగా తీసుకోలేదు, ఐర్లాండ్‌ను తీసుకున్నారు. జనాన్ని కాపాడటం కన్నా జనాన్ని అదుపులో పెట్టడానికి, బ్యారక్‌లలో ఉంచి, తుపాకులిచ్చి నడిపిన దళం ఐరిష్ పోలీసు. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పట్లో నిజాం రాజ్యం కాబట్టి ఆ చట్టం నేరుగా ఇక్కడికి రాలేదు. 1329 ఫస్లీలో, అంటే 1919-20లో, నిజాం ప్రభుత్వం తన జిల్లా పోలీసు చట్టం తానే చేసుకుంది. పోకడ మాత్రం అదే. ఆ రోజుల్లో, 1920 నుంచి 1934 దాకా, హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా, పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మన వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టినవాడు. నగరంలో ఆయనకున్న మంచి పేరు వేరు, జిల్లాల్లో దేశ్‌ముఖ్‌ల గడీ పక్కన నిలబడ్డ పోలీసు అమీన్ పేరు వేరు.

ఇక్కడ తుపాకీ చరిత్ర కూడా వేరు. నల్లగొండలో మామూలు రైతు చేతికి తుపాకీ వచ్చింది 1946-51 సాయుధ పోరాటంలో. వడిసెలలతో, బర్మార్లనే నాటు తుపాకులతో మొదలై రైఫిళ్ల దాకా వెళ్లింది. ఆ తర్వాత నల్లమలలో నక్సలైట్లు. రెండుసార్లూ తుపాకీ సంఘానిదో, దళానిదో తప్ప ఇంట్లో ఒక్కడిది కాదు. రైసు మిల్లు యజమాని లైసెన్సు డబుల్ బ్యారెల్, బ్యాంకు కాపలాదారు తుపాకీ, అడవి పందుల కోసం దాచుకున్న నాటు తుపాకీ ఉంటే ఉన్నాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు చాలావరకు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోవాల్సి వస్తుంది. ఊళ్లో కొట్లాట అంటే కర్రలు, గొడ్డళ్లు, వేట కొడవళ్లు.

తుపాకీ దళం చేతిలో ఉంది కాబట్టి మన ప్రభుత్వమూ తన తుపాకుల్ని దళాలకే ఇచ్చింది. స్టేషన్ కానిస్టేబుల్‌కు లాఠీ మిగిలింది. పక్కనే జిల్లా సాయుధ దళం ఏఆర్, అన్నెపర్తి, బీచుపల్లి లాంటి చోట్ల బెటాలియన్లు, వాటన్నిటి మీద నక్సలైట్ల కోసం 1989లో పుట్టిన ప్రత్యేక దళం గ్రేహౌండ్స్. అమెరికాలో ప్రతి పోలీసూ కొంచెం సైనికుడు. ఇక్కడ కొందరు పోలీసులు పూర్తి సైనికులు, మిగతావాళ్లు చేతికర్రతో జాతర బందోబస్తులో నిలబడే మనుషులు. మన పోలీసు వాహనాల్లోనూ ఈ రెండు ముఖాలుంటాయి. ఒకవైపు పాత జీపు, మారుతి జిప్సీ, సుమో, బొలెరో. ఇంకోవైపు అల్లర్లను అదుపు చేయడానికి అద్దాలకు జాలీలు కట్టిన వజ్ర వాహనం, ధర్నా చేసేవాళ్లను ఎత్తిపడేసే డీసీఎం. మన జిల్లాల్లో డీసీఎం ఎక్కని రాజకీయ నాయకుడు లేడు.

నల్లమల అంచున ఒక కాలంలో పోలీసు బండి అంటే రక్షణ కాదు, ప్రమాదం. 1993లో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర మందుపాతర పేలుడులో చనిపోయారు. బండి ఎంత పెద్దదైతే అంత బాగా గురి కుదిరే రోజులవి. జీపులు వదిలి ఆర్టీసీ బస్సుల్లో సివిల్ బట్టల్లో పోయిన ఎస్సైలు, అడవిలో రోజుల తరబడి నడిచిన పోలీసు గాలింపు పార్టీలు ఆ కాలానివే. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య జరిగిన చర్చలు విఫలమయ్యాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని కాల్చి చంపారు. ఆ తర్వాత ఒకటి రెండేళ్లలోనే నల్లమలలో దళాలు లేకుండా పోయాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్‌లో కొత్త ఇన్నోవాలు, జిల్లాల్లో గస్తీ బొలెరోలు, మోటారు సైకిళ్లు వచ్చాయి. సైరన్ పెట్టుకుని, పేరు రాసుకుని, కనపడటానికే తిరిగే బండ్లు. మందుపాతర భయం పోతే తప్ప అలాంటి బండి సాధ్యం కాదు. ఇన్నోవాను చూసి విదేశీ పద్ధతి అనుకున్నవాళ్లు ఈ సంగతి గుర్తించలేదు.

బండి మారినంత తేలిగ్గా అలవాటు మారలేదు. 2015 ఏప్రిల్ మొదటి వారం నల్లగొండ జిల్లాలో ఏం జరిగిందో చూడండి. సూర్యాపేట బస్టాండులో అర్ధరాత్రి బస్సులు తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరిపితే ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. వాళ్లిద్దరూ మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి పారిపోయిన, నిషేధిత సంస్థ సిమి సభ్యులని తర్వాత తేలింది. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఎదురుకాల్పుల్లో ఆ ఇద్దరూ చనిపోయారు. మరో కానిస్టేబుల్ ప్రాణం పోయింది. గాయపడ్డ ఎస్సై ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశారు. అక్కడ తుపాకీకి ఎదురువెళ్లింది గ్రేహౌండ్స్ కాదు, లాఠీకి అలవాటుపడ్డ స్టేషన్ పోలీసులు. అమెరికా పోలీసు ప్రతిరోజూ ఊహించుకుని భయపడే సంఘటన మన పోలీసుకు ఒక్క రాత్రి ఎదురైంది, అతను సిద్ధంగా లేడు.

ఎస్సై చనిపోయిన ఆ ఏప్రిల్ 7నే అదే జిల్లా ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు పోలీసు వ్యానులోనే కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. చేతులకు బేడీలతో సీట్లలోనే పడి ఉన్న శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. ఒకే వారం, ఒకే జిల్లా. తుపాకీ నిజంగా అవసరమైన చోట స్టేషన్ పోలీసు చేతిలో సరైన శిక్షణ లేదు; బేడీలు వేసి ఉన్న మనుషుల దగ్గర తుపాకులకు కొరత లేదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు, అందరూ నారాయణపేట జిల్లా పల్లెలవాళ్లు, పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ మాత్రం అది చంపాలన్న ఉద్దేశంతో జరిపిన కాల్పులేనని 2022లో బయటపడ్డ నివేదికలో తేల్చింది. అమెరికా పోలీసు ఎదురున్నవాడి దగ్గర తుపాకీ ఉందేమోనన్న భయంతో కాలుస్తాడు, అది తప్పైన సందర్భాలు లెక్కలేనన్ని. మన ఎన్‌కౌంటర్లలో ఆ భయం కూడా కారణంగా కనపడదు. దళాలతో యుద్ధం నేర్పిన పద్ధతిని దళం లేనిచోట వాడటం ఇది. "మన పోలీసు లాఠీతో పట్టుకునేటోళ్లు" అనేవాళ్లు చటాన్‌పల్లిని కూడా లెక్కలో వేసుకోవాలి.

మరి ఈరోజు నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద తిరిగే గస్తీ బండి దేనికి సిద్ధంగా ఉండాలి? ఇక్కడ మనుషుల్ని చంపుతున్నది తుపాకీ కాదు, రోడ్డు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా చనిపోయారు, అమెరికా తుపాకీ చావులకు మూడింతలకు పైన. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, బెంగళూరు హైవే మీద షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఉన్న స్టేషన్ల ఎస్సైలను అడిగితే, ఎక్కువ శవాలు చూసింది ఎక్కడో వాళ్లే చెబుతారు. సంక్రాంతికి పంతంగి టోల్ గేటు దగ్గర బండ్లు కిలోమీటర్ల మేర ఆగినప్పుడు పోలీసు చేసే పని, రాత్రి రెండింటికి ఆగి ఉన్న లారీని కారు గుద్దినప్పుడు చేసే పని ఏ దేశపు ఆయుధ శిక్షణలోనూ ఉండవు.

కాబట్టి హైవే గస్తీ బొలెరో వెనక డిక్కీ తెరిస్తే మొదట కనపడాల్సినవి రిఫ్లెక్టర్ కోన్లు, రక్తం ఆపే కట్లు, స్ట్రెచర్, నుజ్జయిన డోరును కోసే కట్టర్, రాత్రి దూరం నుంచి కనిపించే లైట్లు. బండి ఒంటి మీద బ్రిటన్ గళ్లలాంటి మెరిసే రంగులు వేస్తే ఖర్చూ పెద్దగా కాదు. తుపాకీ బండిలో ఉండాలంటే న్యూజిలాండ్‌వాళ్లలా తాళమేసిన పెట్టెలో, దాన్ని వాడటం నిజంగా వచ్చిన ఇద్దరి బాధ్యతలో, తీసిన ప్రతిసారీ రాతపూర్వకంగా ఎందుకో చెప్పాల్సిన నియమంతో ఉండాలి. సూర్యాపేట లాంటి రాత్రి మళ్లీ వస్తే ఉత్తచేతులతో ఎదురెళ్లకుండా ఉండటానికి అంతమాత్రం సరిపోతుంది. ప్రతి కానిస్టేబుల్ నడుముకూ పిస్టల్ కట్టాలన్న డిమాండ్ వినపడినప్పుడల్లా, దాన్ని సమర్థించడానికి కావాల్సినన్ని తుపాకులు మన జనం దగ్గర లేవని చెప్పొచ్చు.